ఒదాలిస్ కిన్యోనెస్ మోసిన డిస్క్

పునాది తవ్విన మనిషికి ఆ ఇంట్లో తర్వాత జరిగే మంచిచెడ్డలతో సంబంధం లేదని చాలామంది నమ్ముతారు. కంప్యూటర్లలో ప్రోగ్రాములు ఎక్కించేవాళ్ల విషయంలో ఈ నమ్మకం మరీ గట్టిది. వాళ్లు వస్తారు, ఎక్కిస్తారు, వెళ్లిపోతారు. ఆ యంత్రం మీద ఇంటివాళ్లు ఏం కట్టుకున్నారో, అది ఎవరికి పనికొచ్చిందో, ఎవరి మెడకు చుట్టుకుందో వాళ్లను ఎవరూ అడగరు. ఒక దీవిలోని కమగ్వెయ్ అనే ఊళ్లో ఒదాలిస్ కిన్యోనెస్ కూడా చాలా ఏళ్లు ఇలాగే అనుకుంది. అది నిజమో కాదో తేల్చుకోవలసిన అవసరం ఆమెకు అంతవరకు రాలేదు.

ఆమె సాంకేతిక పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఊళ్లో అందరూ ఆమెను 'ప్రొఫె' అని పిలిచేవారు. పాఠం చెప్పినవాళ్లకు జీవితాంతం మిగిలే పిలుపు అది. పింఛను బియ్యానికీ నూనెకూ కూడా చాలదు కనుక ఆమె ఒక డిస్క్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. చేత్తో అల్లిన నూలు సంచిలో ఉండే ఆ నల్లటి డిస్క్‌లో రూబీ అనే భాష, ఆ భాషలో వెబ్‌సైట్లు కట్టుకోవడానికి వాడే రైల్స్ అనే చట్రం, ఆ చట్రం నిలబడటానికి కావలసిన వందలాది చిన్న చిన్న ప్రోగ్రాము పొట్లాలు ఉండేవి. మరో దేశంలో వీటన్నిటినీ ఎక్కించుకోవడం ఒక కాఫీ తాగేంత పని. ఇక్కడ నెట్ సన్నగా కారే కుళాయి. పైగా కొన్ని పరాయి సైట్లు, అడిగేవాడు ఈ దీవివాడని తెలియగానే తలుపు వేసేస్తాయి. అందుకే ఊరంతా ఒదాలిస్ డిస్క్ మీదే ఆధారపడింది.

ఒక్కో యంత్రానికి ఒక్కో మొండితనం ఉంటుంది. విండోస్‌లో రూబీ ఒక్కటే ఎక్కిస్తే చాలదు, దానితో పాటు పొట్లాలను యంత్రభాషలోకి మార్చే పరికరాల మూటను కూడా దింపాలి. లినక్స్‌లో అడుగున ఉన్న భాగాల్లో ఒక్కటి తక్కువైనా సగంలో పని ఆగిపోతుంది. మాక్‌లో తయారీదారులు పెట్టిన పాత రూబీ ఒకటి ముందే కూర్చుని ఉంటుంది. దాన్ని కదపకుండా, కొత్తదాన్ని దానికంటే ముందు చూసేలా యంత్రానికి దారి చెప్పాలి. ఈ మూడింటి స్వభావమూ ఒదాలిస్‌కు తెలుసు. రైల్స్ మొదటి పేజీ తెర మీద కనిపించేదాకా ఆమె కుర్చీలోంచి లేచేది కాదు. పేజీ కనిపించాక ఇంటివాళ్లు ఇచ్చిన చక్కెర కాఫీ తాగి, సంచి భుజాన వేసుకునేది.

ఆమె పద్ధతిలో ఒక సులువు ఉండేది. మామూలుగా ప్రతి పొట్లాన్నీ విప్పేముందు యంత్రం దాని వేలిముద్రను సరిచూస్తుంది. పొట్లాన్ని తయారుచేసినవాళ్లు లెక్కకట్టి ఇచ్చిన ఒక పొడవాటి గుర్తు అది. లోపల ఒక్క అక్షరం మారినా గుర్తు మారిపోతుంది. సరిచూడాలంటే యంత్రం నెట్‌ను అడుగుతుంది, నెట్ జవాబివ్వదు, ఈలోగా కరెంటు పోతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది. విసిగిపోయిన ఒదాలిస్, విండోస్ కోసమూ లినక్స్ కోసమూ తను రాసుకున్న ఆదేశాల్లో, సరిచూడకుండానే తీసుకొమ్మని ఒక వాక్యం చేర్చింది. ఊళ్లో ఈ పని చేసేవాళ్లంతా అదే చేశారు. దాన్ని ఎవరూ అజాగ్రత్త అనలేదు, తెలివి అన్నారు.

కొత్త పొట్లాలు ఆమెకు రదమేస్ బెన్‌కోమో దగ్గర్నుంచి వచ్చేవి. రదమేస్ ఉత్తరాన సముద్రపు దిబ్బ మీద ఉన్న ఒక పెద్ద హోటల్లో యంత్రాలు చూసేవాడు. అక్కడ విదేశీయుల కోసం మంచి నెట్ ఉంది. సెలవుకు వచ్చినప్పుడల్లా కొత్తవన్నీ తెచ్చి ఆమె డిస్క్‌లోకి ఎక్కించేవాడు. గొంతు పెంచి మాట్లాడని మనిషి. బదులుగా ఏమీ అడిగేవాడు కాదు. ఆ 'ఏమీ అడగకపోవడం' గురించి ఆమె ఒకసారైనా ఆలోచించి ఉండవలసింది.

ఒదాలిస్ రైల్స్ ఎక్కించిన ఇళ్లలో మిగ్దాలియా సాల్దీవర్ ఇల్లు ఒకటి. మిగ్దాలియా చెల్లెలు నెరెయిదాకు మూర్ఛ. మాత్రలు మందుల షాపులో ఎప్పుడు దొరుకుతాయో షాపువాళ్లకే తెలియదు. అందుకని మిగ్దాలియా పట్టుదలగా రూబీ నేర్చుకుని, మందుల మారకం కోసం ఒక సైటు కట్టింది. తల్లి చనిపోతే మిగిలిన గుండె మాత్రలు ఒకరి దగ్గర ఉంటాయి, పిల్లవాడికి జ్వరం మందు కావలసినవారు మరొకరు. పేరు, వీధి, జబ్బు, ఉన్నదీ కావలసిందీ రాసుకుంటే వాళ్లిద్దరూ కలుసుకుంటారు. అమ్మకం కాదు, మార్పిడే. అయినా చట్టం దృష్టిలో ఆ తేడా నిలుస్తుందని ఎవరూ ధైర్యంగా చెప్పలేరు. అందుకే ఆ సంగతి నమ్మకస్తుల మధ్యే తిరిగేది. నెరెయిదా ఆ మారకం వల్లే నిలకడగా ఉంది.

వర్షాలు మొదలయ్యే రోజుల్లో ఎవేలియో పోర్రో అనే ఆర్కిటెక్టు ఒదాలిస్‌ను పిలిపించాడు. మాంట్రియల్‌లో ఉన్న అక్క అతనికి ఒక పాత మాక్ పంపింది. అక్క స్నేహితుడొకరు ఊళ్లోని పాత ఇళ్ల ముఖద్వారాల వివరాలు దాచుకోవడానికి రైల్స్‌లో రాసిన ప్రోగ్రాము కూడా అందులో ఉంది. దాన్ని నడిపించి పెట్టాలి. మాక్‌కు ఆమె ఎప్పుడూ ముందే ఆదేశాలు రాసిపెట్టుకోలేదు, అవి అరుదుగా వస్తాయి. ఒక్కొక్క వరుసా చేత్తోనే కొట్టింది.

సగంలో యంత్రం ఆగింది. ఒక పొట్లం వేలిముద్ర కలవడం లేదంది.

"మా అక్కకి తగ్గ యంత్రమే ప్రొఫె," అన్నాడు ఎవేలియో, వెనకనుంచి తొంగిచూస్తూ. "ఎవర్నీ నమ్మదు. నన్నయితే అసలే నమ్మదు."

ఒదాలిస్ నవ్వి, సరిచూడొద్దనే వాక్యాన్ని అలవాటుగా కొట్టింది. పేజీ వచ్చింది. కాఫీ వచ్చింది. ఆమె సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది.

ఆ ఊరి వీధులు తిన్నగా ఉండవు. తెలిసినవాళ్లు కూడా ఆలోచనలో పడితే వేరే కూడలిలో తేలతారు. రొట్టెల వరుసలో నిలబడ్డప్పుడు ఆమెకు తట్టింది. ఎవేలియో యంత్రం నెట్‌ను అడగలేదు. వేలిముద్ర మాంట్రియల్ నుంచి ఆ ప్రోగ్రాముతోనే వచ్చింది. అంటే యంత్రం ఆగింది నెట్ లేక కాదు. ఆ వేలిముద్రా, తన డిస్క్‌లోని పొట్లమూ నిజంగానే కలవలేదు. ఇన్నాళ్లూ యంత్రాన్ని నోరు మూసుకోమని చెప్పినప్పుడల్లా, అది ఏం చెప్పబోయిందో ఆమె వినలేదు. రొట్టె తీసుకోకుండానే ఆమె వరుసలోంచి తప్పుకుంది.

ఇంటికి వెళ్లి, కిటికీ వెలుతురులో ఆ పొట్లం విప్పి చదివింది. వెబ్‌పేజీలో మనుషులు నింపే వివరాలను చక్కబెట్టే మామూలు పొట్లం అది. అందులో కొన్ని వరుసలు రాసిన తీరు వేరేలా ఉంది. వేలమంది విద్యార్థుల జవాబు పత్రాలు దిద్దిన కంటికి, ఎక్కడ ఒకరు ఆపి మరొకరు రాశారో తెలియడం కష్టం కాదు. తన యంత్రంలో ఒక చిన్న పేజీ కట్టి, అందులో లేని మనిషి పేరు, లేని వీధి రాసింది. ఫోన్ నుంచి నెట్ కలిపింది. యంత్రం ఏ చప్పుడూ చేయకుండా ఆ లేని మనిషిని ఎక్కడికో పంపేసింది. అది చేరిన చిరునామా వెనక ఎవరున్నారో తెలిపే గుర్తేమీ లేదు.

నమ్మకమనేది, తెలుసుకోవడం మానేసిన చోట మనం పెట్టుకునే గౌరవనీయమైన పేరు కావచ్చు. ఊరు ఆమెను నమ్మింది, ఆమె రదమేస్‌ను నమ్మింది, ఆ గొలుసులో ఎవరూ పొట్లం విప్పి చూడలేదు. ఆమె మనసు అన్నిటికంటే ముందు వెళ్లింది మిగ్దాలియా ఇంటికి. అక్కడ రాసుకున్నవి లేని మనుషుల పేర్లు కావు.

రదమేస్ సెలవులోనే ఉన్నాడు. తల్లి ఇంటి వరండాలో ఒక ఫ్యాన్ విప్పుకుని కూర్చున్నాడు. ఆమె పొట్లం పేరు చెప్పగానే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు గానీ ఆశ్చర్యపోలేదు. అతనికి ఆ పొట్లం ఇచ్చింది ఎవరని ఆమె అడిగింది.

"అది నన్నడక్కండి ప్రొఫె. అది మీ డిస్క్‌లో పెట్టమన్నవాళ్లు కూడా ఇంత మర్యాదగానే అడిగారు."

"ఎవరు వాళ్లు? దొంగలా, అధికారులా?"

"నేనూ అదే అనుకున్నాను మొదట్లో, ఎవరై ఉంటారా అని. తర్వాత మానేశాను." అతను ఫ్యాన్ రెక్కను గుడ్డతో తుడిచాడు. "మా అమ్మ పేరు, నా డ్యూటీ వేళలు, అన్నీ తెలుసు వాళ్లకి. మీ పేరూ తెలుసు. మీ డిస్కంటే ఊళ్లో గురి కదా, అందుకే మీది కావాలన్నారు."

పొట్లాన్ని అన్ని ఇళ్లలోంచి తీసేస్తానని ఆమె చెప్పింది. అతను వద్దనలేదు. తీసేస్తే ఏమవుతుందో మాత్రం నెమ్మదిగా వివరించాడు. ఇన్ని ఇళ్లు ఒక్కసారిగా మూగబోతే, ఆమెకు తెలిసిపోయిందని వాళ్లకు తెలుస్తుంది. కొంత ఆగితే తనే మరో పొట్లం తెస్తాడు, అది శుభ్రంగా ఉండవచ్చు, అంతా దానంతటదే సద్దుమణగవచ్చు.

"మిగ్దాలియా ఇల్లుందిగా," అంది ఒదాలిస్.

"ఆవిడ చేసేదాంట్లో తప్పు లేకపోతే భయమెందుకు ప్రొఫె?"

ఆ మాటను అతను బెదిరింపుగా అనలేదు. ఎవరో తనతో అన్న మాటను, తను నిద్రపోవడానికి వాడుకుంటున్న మాటను, ఆమెకు ఇచ్చాడు. లోపలినుంచి తల్లి మలాంగ దుంపలు ఉడికాయని పిలిచింది. అతను ఆమెను భోజనానికి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

దారిలో ఆమెకు మరో మార్గం కనిపించింది. అది రదమేస్ చెప్పినదానికన్నా తేలికైనది, మంచిదిలా కూడా కనిపించేది. ఏదో కొత్త వెర్షన్ వచ్చిందని చెప్పి ఒక్కో ఇంటికీ వెళ్లి ఆ పొట్లాన్ని మార్చేయవచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు, ఇకముందు ఏ పేరూ బయటికి పోదు, ఆమె పేరూ చెడదు. కానీ ఇప్పటికే పోయిన పేర్లు పోయినట్టే. ఆ మనుషులు ఎప్పటిలాగే తలుపులు తీస్తారు, ఎప్పటిలాగే మాత్రలు దాచుకుంటారు, ఎవరైనా వచ్చి అడిగితే ఎందుకు అడుగుతున్నారో కూడా తెలియకుండా జవాబులు చెబుతారు. అది మరమ్మతు కాదు. మరకను కనపడకుండా చేయడం.

మిగ్దాలియా వంటింట్లో బియ్యం ఏరుతోంది. నెరెయిదా పక్కగదిలో రేడియో వింటోంది. ఒదాలిస్ తలుపు దగ్గరే నిలబడి, ఏది జరిగిందో, ఎక్కడినుంచి వచ్చిందో, ఏం తెలియదో వరుసగా చెప్పింది. మిగ్దాలియా చేతులు పళ్లెంలో ఆగిపోయాయి.

"ఇప్పుడా చెప్పేది?"

"ఇవాళే తెలిసింది."

"తెలియలేదంటే సరిపోతుందా ప్రొఫె? మాకు తెలియకపోవడం వేరు. తెలుస్తుందనేగా మిమ్మల్ని పిలిచింది."

మిగ్దాలియా లేచి, పక్కగది తలుపు దగ్గరికి లాగి, గొంతు తగ్గించింది.

"మూసేస్తే దీనికి మాత్రలు ఎక్కణ్నుంచి తేవాలి? తెరిచి ఉంచితే ఇచ్చేవాళ్లు ఎవరి కంట్లో పడతారో. మీరు చెప్పకుండా ఉన్నా బాగుండేది, నిజం చెప్తున్నా." ఆమె ఒదాలిస్ వైపు తిరిగింది. "మీరైతే ఏం చేస్తారు?"

అంతకుముందు ఏ ఇంట్లోనైనా ఈ ప్రశ్న వస్తే ఒదాలిస్ దగ్గర ఒకే జవాబు ఉండేది: ప్రోగ్రాము మీది, నిర్ణయం మీది. ఆ మాట ఇప్పుడూ అబద్ధం కాదు. నిజమైన మాట వెనక కూడా మనిషి దాక్కోవచ్చు.

"ఆపేస్తాను," అంది ఆమె. "ఆపి, పేరు రాసుకున్న ప్రతి ఇంటికీ వెళ్లి చెప్తాను."

"ఎవరు వెళ్తారు? నేనా? దీన్నొదిలి?"

"నేను వెళ్తాను. తెచ్చింది నేనే కదా."

మిగ్దాలియా యంత్రం దగ్గరికి వెళ్లి సైటును ఆపేసింది. ఒదాలిస్‌ను కూర్చోమనలేదు. ఏ వీధుల్లో ఎవరున్నారో మాత్రం చెప్పింది.

ఒదాలిస్ ఆ ఇళ్లన్నిటికీ పగటి వెలుతురులో, కాలినడకన వెళ్లింది. ప్రతిచోటా అవే మాటలు చెప్పింది: మీరు రాసుకున్న పేరూ జబ్బూ తెలియనివాళ్ల చేతికి వెళ్లాయి, నేను తెచ్చిన డిస్క్ వల్ల వెళ్లాయి, మాత్రలు ఇంట్లో ఉంచుకోవాలో వద్దో మీరు ఆలోచించుకోండి. కొందరు విని తలుపు వేసుకున్నారు. ఒక ముసలాయన ఆమెను ఇంకెప్పుడూ ఈ గడప తొక్కవద్దన్నాడు. కొందరు నెరెయిదా కోసం ఉన్నవి చేతికిచ్చారు. అవి చాలలేదు, ఆ నెలలో నెరెయిదాకు రెండుసార్లు మూర్ఛ వచ్చింది. తర్వాత ఒదాలిస్ డిస్క్ ఎక్కిన మిగతా ఇళ్లకూ వెళ్లి, ఎవేలియోతో సహా అందరికీ చెప్పి, అడిగినవాళ్ల యంత్రాల్లోంచి ఆ పొట్లాన్ని తీసేసింది. రదమేస్ పేరు ఎక్కడా ఎత్తలేదు. రదమేస్ ఆ సెలవు పూర్తికాకముందే హోటల్‌కు వెళ్లిపోయాడు, మళ్లీ ఆ వరండాలో కనిపించలేదు.

ఆమె ఇంటి ఎదురుగా కూడలిలో ఒక మోటార్‌సైకిల్ కొన్ని మధ్యాహ్నాలు నిలిచి ఉంటుంది. దాని మీది మనిషి ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు కూర్చుంటాడు, ఎవరూ రారు, వెళ్లిపోతాడు. ఇంతవరకు ఎవరూ ఆమె తలుపు తట్టలేదు. ఆమెను పనికి పిలిచేవాళ్లు కూడా లేరు. ఎవరికీ చెప్పకుండా పొట్లాన్ని మార్చేసి ఊరుకోవడం ఆమెకు వీలయ్యేది, కొంతకాలం ఆగడం అంతకన్నా వీలయ్యేది. ఆమె తన పేరుతో చెప్పడాన్ని ఎంచుకుంది, చెప్పింది.