ఎనిమిది పొరల దోమతెర

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చేటప్పటికి నేను దుకాణంలో నిచ్చెన మీద ఉన్నాను, పై అరలోంచి లైట్ల పెట్టె దించుతూ. ఫోను చేసింది అత్త పక్కింటామె. "పొద్దున పాలు తీసుకునింది నాయనా, నాతో బాగానే మాట్లాడింది. కూర్చున్న కుర్చీలోనే ఒరిగిపోయింది" అంది. ఏ కుర్చీ అని నేను అడగలేదు. పలకల షెడ్డు మూసేసిన నాడు ఇంటికి తెచ్చుకున్న ఇనుప కుర్చీ అది. చేపల తొట్టి ముందుండేది. నిచ్చెన దిగుతున్నప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అత్త పోయిందే అని కాదు, ఇంకా మూడు పొరలు మిగిలి ఉన్నాయే అని.

మార్కాపురంలో పలక తెలియనివాళ్లు లేరు గానీ, పలకను చూడటం తెలిసినవాళ్లు తక్కువ. తర్లుపాడు దారిలో మా మామ నడిపిన షెడ్డులో అత్త ముప్పై ఏళ్లు పలకలు ఏరింది. గుమ్మంలో నిలబడి పలకను ఎండకు ఏటవాలుగా పట్టేది. వెంట్రుకంత పగులున్నా పట్టేసి పక్కన పడేసేది. "నేరుగా చూస్తే ఏ పలకైనా మంచిదే. వంచి చూడాల" అనేది. ఈ మాట పెళ్లి సంబంధాలకూ వాడేది, అప్పుడప్పుడు నాకూ వాడేది.

మామకు జబ్బు చేసినప్పుడు ఇద్దరూ నెలల తరబడి చెన్నై ఆసుపత్రికి తిరిగారు. అక్కడ జనం కూర్చునే హాల్లో ఒక ఉప్పునీటి తొట్టి, అందులో బతికున్న పగడాలు. లోపల డాక్టరు ఏం చెబుతాడోనన్న భయంతో అత్త గంటలకు గంటలు ఆ తొట్టి ముందు కూర్చునేది. దాన్ని శుభ్రం చేయడానికి వచ్చే మనిషిని మాటల్లో పెట్టి, ఉన్నదంతా రాబట్టింది. ఆయన చెప్పినట్టే ఇంట్లో తొట్టి కట్టించింది. నీళ్లు కుదిరాక బొటనవేలంత తోలు పగడం ముక్కను ఆయన దగ్గరే తెచ్చుకుంది. రాతి పగడాలు ఇంట్లో పెంచడం నేరమనీ, ఇది మెత్తని రకమనీ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేది.

ఊరు నవ్వింది. మా జిల్లాకు సముద్రం ఉన్నమాట నిజమే గానీ, అది ఒంగోలు అవతల. మా వీధికి వచ్చేది ట్యాంకరు, అందులో వచ్చేది ఫ్లోరైడు నీళ్లు. అత్త శుద్ధి చేసిన క్యాను నీళ్లు తెప్పించి, వాటిలో సముద్రపు ఉప్పు కలిపేది. "తాగను నీళ్లు లేవు, ఇంట్లో సముద్రం పెట్టుకునిందంట" అని చుట్టాలే ఎగతాళి చేశారు. మామ మాత్రం మంచం ఆ తొట్టి పక్కకే వేయించుకున్నాడు. మాట పడిపోయాక కూడా, పగడం మీద వేళ్లలా ఊగే సన్నని కొసలను చూస్తూ పడుకునేవాడు. "మీ మామ చూపు దాని మీద ఉండంగానే పోయినాడురా" అని అత్త నాతో ఒకే ఒక్కసారి అంది. అప్పటి నుంచి నాకు ఆ పగడం అంటే భయం పట్టుకుంది. అది చచ్చిపోకూడదు.

పగడానికి వెలుగే తిండి. దాని ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. ఆ నాచు వెలుగుతో వండిపెడితే పగడం తింటుంది. ఇన్నేళ్లూ ఆ వంట సన్నని నీలి ట్యూబుల కింద సాగింది. ఈ వేసవిలో ట్యూబులు ఒకటొకటే పోయాయి. అలాంటివి ఇప్పుడు చెన్నైలోనూ దొరకడం లేదన్నారు. ఆఖరిది మిణుకుమిణుకుమంటుండగా అత్త నాకు ఫోను చేసింది. "అల్లుడా, లైట్ల దుకాణం పెట్టుకున్నావు గదా. ఇప్పుడన్నా పనికిరా" అంది.

మా దగ్గర లైటు ఎంచే పద్ధతి ఒకటుంది. దుకాణంలో వెలిగించి సూటిగా చూడాలి. కళ్లు మూతలు పడితే అది మంచి లైటు. ఇరవై ఏళ్లుగా నేను అలాగే అమ్మాను, జనం అలాగే కొన్నారు. అత్త ఇంటికి రెండు లైట్లు పట్టుకెళ్లాను. ఒకటి నా దుకాణంలోది, అంగళ్ల ముందు పెట్టే తెల్లటి ఫ్లడ్ లైటు. రెండోది అత్త చెన్నై నుంచి తెప్పించమన్న పగడాల ఎల్ఈడీ. నీలం రంగు, చూస్తే నీరసం వచ్చేలా ఉంది.

అత్త తొట్టిలోకి ఒక పలక దించింది. తుప్పు చార లేని పలక. ఇనుమున్న రాయి ఉప్పునీటికి పనికిరాదని ముందే ఏరి పెట్టుకుంది. దాన్ని పగడం పక్కన ఏటవాలుగా ఆనించి, "వెలిగించు" అంది. తెల్ల లైటు వేశాను. హాలంతా పట్టపగలయింది.

"చూసినావా అత్తా!"

"చూసినా. నడుమ కుప్ప పోసింది, అంచులకు ఏమీ లేదు. రెండోది పెట్టు."

నీలిది పెట్టాను. పలక మీద వెలుగు పలచగా, ఈ కొన నుంచి ఆ కొనదాకా ఒకేలా పరుచుకుంది.

"ఇదే" అంది అత్త.

"ఇదేందత్తా, బెడ్‌లైటు మాదిరుంది. దీని కింద ఏం బతుకుతుంది?"

"నీ కంటికి నచ్చేది కాదురా, దానికి పట్టేది కావాల."

ఆ మాట నాకు గుచ్చుకుంది. లైట్ల గురించి నాకు పలకల మనిషి చెప్పడమేమిటనుకున్నాను. మర్నాడు అత్త గిద్దలూరులో పెళ్లికి వెళ్తూ, "నీలిది బిగించు. నేను వచ్చేదాకా రోజుకు గంటే వెయ్యి" అని తాళం నా చేతికిచ్చింది. నేను తెల్లది బిగించాను. రోజుకు ఎనిమిది గంటలు, రెండు రోజులు వేశాను. వచ్చి చూసి మెచ్చుకుంటుందని నిజంగానే నమ్మాను.

అత్త తిరిగి వచ్చేసరికి తేనె రంగు పగడం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. కొసలన్నీ లోపలికి పోయి, అది ఉడికించిన గుడ్డు తెల్లసొనలా ముడుచుకుని ఉంది. అత్త చేతి సంచి కింద పెట్టకుండానే ఇనుప కుర్చీలో కూర్చుంది.

"ఎన్ని గంటలు వేసినావు?"

"ఎనిమిది."

"రెండు రోజులూనా?"

నేను తలూపాను. తిడితే బాగుండునని ఎదురుచూశాను. అత్త మాత్రం, "నీడన పెరిగిన బిడ్డను మిట్టమధ్యాహ్నం బండ మీద నిలబెట్టినావు గదరా" అంది. అంతే. మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. చుట్టాలు అడిగినప్పుడు కూడా, "ట్యూబులు పోయినాయి, అందుకే వాడిపోయింది" అని చెప్పింది. నా పేరు ఆమె నోట రాలేదు. ఆ రుణం నేను తీర్చుకోలేను.

ఆ సాయంత్రమే బీరువాలోంచి పాత దోమతెర తీసింది. మామ మంచానికి కట్టినది. కత్తెరతో ఎనిమిది ముక్కలు చేసి, ఒకదాని మీద ఒకటి పరిచి, తొట్టికీ నీలి లైటుకీ మధ్య కట్టింది. ఆ లైటుకు వెలుగు తగ్గించే మీట లేదు. మరో పలక మీద బలపంతో ఎనిమిది గీతలు గీసి తొట్టికి ఆనించి పెట్టింది. నాలుగు రోజులకు ఒక పొర తీయాలి, ఒక గీత తుడవాలి.

"అన్నీ ఒకేసారి తీస్తే ఏమవుతుందత్తా?"

"కాలిపోతుంది. తీయకుండా పెట్టుకుంటే పస్తుండి పోతుంది. రెంటికీ నడుమ నడవాల."

మధ్యాహ్నం భోజనానికి వెళ్లేముందు రోజూ అక్కడికి పోయేవాణ్ణి. మొదటి పొర తీసినా మార్పు లేదు, రెండో పొరకూ లేదు. మూడోది తీశాక పగడం మీద మైనం పూసినట్టు ఒక తెర కట్టింది. "కుబుసం వేసుకునింది. విడిచిందా, బతుకుతుంది. విడవలేదా, అంతే" అంది అత్త. ఆమె గొంతులో కూడా ధైర్యం లేదు. అత్త అయిదో పొర తీసి, బొటనవేలు తొట్టి నీళ్లలో తడిపి గీత తుడుస్తున్నప్పుడు నేను అడిగాను.

"ఒక్కటి నా చేత్తో తియ్యనిస్తావా?"

నన్ను ఎగాదిగా చూసింది, పలకను చూసినట్టే తల కొంచెం పక్కకు వంచి. "ఆఖరిది నీకు వదుల్తాలే" అంది. మర్నాడు పొద్దున అత్త పోయింది.

అత్తను హాల్లోనే పడుకోబెట్టారు. తలదగ్గర దీపం, పక్కన తొట్టి. మా వాళ్లలో ఒక పెద్దాయన, "ఇంట్లో శవం పెట్టుకుని ఆ రంగుల లైటేందిరా, ఆపండి" అన్నాడు. లైటు ఆపాను. ఒక్క రోజు చీకటి దానికేమీ చేయదని అత్తే చెప్పి ఉంది. శ్మశానం నుంచి వచ్చి, స్నానాలు చేసి, ఆనవాయితీ ప్రకారం అత్త పడుకున్న చోట పెట్టిన దీపం చూడటానికి వరసగా లోపలికి వెళ్లాం. దీపం వైపు చూస్తూ నిలబడ్డాక తెలిసింది, హాలు మరీ నిశ్శబ్దంగా ఉందని. నీళ్లు తిప్పే మోటారు చప్పుడు లేదు. మేం వెళ్లాక ఎవరో గోడ మీది స్విచ్చులన్నీ కట్టేశారు.

తొట్టిలో పగడంతో పాటు ఉండే రెండు చేపలూ నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మోటారు వేశాను, గురగురమంది గానీ నీళ్లు లాగలేదు. వంటింట్లోంచి చెంబు తెచ్చి, నీళ్లకు గాలి తగిలేలా, పాలు చల్లార్చినట్టు తొట్టి నీళ్లు ఎత్తి పోయడం మొదలుపెట్టాను. "వీడికి మతి పోయిందా?" అన్నారెవరో. "పెద్దామె పోయిన ఇంట్లో చేపలతో ఆటలేందిరా?" అన్నాడు పెద్దాయన. అప్పటిదాకా రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. ఏడుస్తూనే పోశాను. చేతులు పడిపోతున్న సమయానికి మోటారు నీళ్లు అందుకుంది.

నాలుగో రోజున ఒక పొర తీశాను, ఎనిమిదో రోజున ఇంకొకటి. కుబుసం అలాగే ఉంది. పదకొండో రోజు దినం పెట్టాం. మర్నాటి పొద్దుటికి చుట్టాలందరూ ఎవరి బస్సుకు వాళ్లు వెళ్లిపోయారు. ఇంట్లో నేనూ, మోటారు చప్పుడూ మిగిలాం. పలక మీద ఒక్క గీత ఉంది.

దోమతెర ముడి విప్పి మడిచి పెట్టాను. లైటు వేసి, ఎన్నడూ కూర్చోని ఆ ఇనుప కుర్చీలో కూర్చున్నాను. పగడంలో కదలిక లేదు. తప్పు చేశానేమో, మళ్లీ కప్పనా అని రెండుసార్లు లేచాను. రెండుసార్లూ కూర్చున్నాను. నేరుగా చూస్తే ఏమీ కనిపించడం లేదు. తల పక్కకు వంచి, అద్దానికి ఏటవాలుగా చూశాను. మైనం తెర ఒక అంచున లేచి ఉంది. నీటి వాలుకు అది కొంచెం కొంచెంగా చినిగి, పాతగుడ్డ పీలికలా ఊడి కొట్టుకుపోయింది. కింద పలచని తేనె రంగు. అందులోంచి ఒక కొస బయటికి వచ్చి ఊగింది.

బొటనవేలు తొట్టి నీళ్లలో తడిపి, ఆఖరి గీత తుడిచాను. తుడిచినచోట పలక నల్లగా మెరిసింది. అంచుల నుంచి లోపలికి మెల్లగా ఆరిపోతున్న ఆ వేలి మచ్చను చూస్తూ అలాగే కూర్చున్నాను. అది పూర్తిగా ఆరకముందే తొట్టిలో రెండో కొస విచ్చుకుంది.