సీపీయూ మీద కుంకుమబొట్టు

కొడుకు హర్షవర్ధన్ ఇంట్లో కూర్చునే సంపాదిస్తున్నాడని భీమడోలులో వీధంతా చాటుకుంది శాంతకుమారి. అదేం పనిరా అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. ఇవాళ పోలీసులొచ్చారు. ఆన్‌లైన్‌లో లేని ఉద్యోగాలు చూపించి జనాన్ని ముంచాడంటూ అతణ్ణి జీపెక్కించారు. కంప్యూటర్‌ని కూడా పట్టుకెళ్తూ, సాక్షి సంతకానికి ఎదురింటి దత్తాత్రేయులుగారిని పిలిచారు.

“దాని మీద గుర్తులేమన్నా ఉన్నాయా?” రాసుకుంటూ అడిగాడు ఎస్సై.

“కుంకుమబొట్టుందండి,” అన్నాడు కానిస్టేబుల్.

“ఎవరు పెట్టారమ్మా?”

దసరాకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నా బిడ్డకి ఇంకా కలిసిరావాలి తల్లీ అని మొక్కింది తనే. ఆ కొబ్బరిముక్క తిన్న దత్తాత్రేయులుగారు ముఖం పక్కకి తిప్పుకున్నారు.

“నేనేనండి,” అంటూ చెంగుతో గబగబా తుడిచెయ్యబోయింది.

“ముట్టుకోకండమ్మా. అది కూడా సాక్ష్యమే.”