శ్యామసుందరి సాక్ష్యం

తన కూతురు చెప్పిన మాట వింటుందని శ్యామసుందరికి చాలా గర్వం. లిఖిత ఒంటికి ఇరవై రెండేళ్ళు వచ్చినా మనసు మాత్రం ఏడెనిమిదేళ్ళ దగ్గరే ఆగిపోయిందని డాక్టర్లు ఎప్పుడో తేల్చేశారు. ఆ పిల్లకి చదువు అబ్బలేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పడానికే రెండేళ్ళు పట్టింది. కానీ పెద్దవాళ్ళు ఏది చెబితే అది చేయాలన్న ఒక్క పాఠాన్ని మాత్రం తల్లి కూర్చోబెట్టి నూరిపోసింది. తెనాలిలో వాళ్ళ వీధి వీధంతా మెచ్చుకుంది కూడా.

ఆమె భర్త రాజారావుకి కోబాల్ అనే పాతకాలం కంప్యూటరు భాష వచ్చు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు మరిచిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. సిడ్నీలో ఒక బ్యాంకు అతన్ని పిలిచింది. ముగ్గురూ అక్కడి శివారు బ్లాక్‌టౌన్‌లో దిగారు. అద్దె ఇల్లు చూసిపెట్టింది, సోనామసూరి దొరికే కొట్టు చూపించింది, కారు లేని ఆ ఇంటికి లిఖితని అలాంటి పిల్లలకి పనులు నేర్పే శిక్షణ కేంద్రం నుంచి రోజూ తెచ్చి దింపింది అంతా గోపాలరావే. వీళ్ళకంటే పదేళ్ళు ముందొచ్చినవాడు, పైగా తెనాలివాడు. దేవుడే పంపాడనుకుంది శ్యామసుందరి. అనుకోక చేసేదేముంది? తెల్లారిలేస్తే అతనితోనే పని.

తెలుగు కుటుంబాలు శనివారాలు వంతులవారీగా ఒకరింట్లో చేరేవి. అక్కడ లిఖిత అందరికీ 'పాప'. ఆ పాపకి ఇరవై రెండేళ్ళన్న సంగతి ఎవరికీ పట్టేది కాదు. గోపాలరావు పక్కన కూర్చోబెట్టుకుని బుగ్గలు గిల్లినా, నడుం దగ్గర కితకితలు పెట్టినా, ఎంత ముద్దు చేస్తాడో అని ఆడవాళ్ళు మురిసిపోయేవారు. అందరికంటే ఎక్కువ మురిసిపోయింది తల్లే.

శిక్షణ కేంద్రంలో హెదర్ అనే టీచరు ఒకరోజు శ్యామసుందరిని కూర్చోబెట్టి అడిగింది. "లిఖిత ఎప్పుడైనా దేనికైనా వద్దంటుందా?"

"నెవర్! వెరీ ఒబీడియంట్ గర్ల్" అంది శ్యామసుందరి, బహుమతి అందుకోబోతున్నంత ధీమాగా.

హెదర్ నవ్వలేదు. "నాకు భయమంతా అదే" అంది. ఎవరేం చెప్పినా వినే పిల్లని చెడ్డవాడు ముందు కనిపెడతాడని, అందుకే కొత్త తరగతిలో చేర్చుకుంటానని చెప్పింది.

ఆ తరగతిలో నేలమీద రంగు సుద్దతో గీతలు గీసి, ఎవరిని కావలించుకోవచ్చో, ఎవరితో చెయ్యి కలిపితే చాలో, ఎవరికి దూరంనుంచే చెయ్యి ఊపాలో నేర్పారు. స్నేహితుడైనా సరే నీ చెయ్యి పట్టుకోవాలంటే అడగాలి, ఇష్టమైతే సరే అను, లేకపోతే చెయ్యి అడ్డం పెట్టి గట్టిగా 'నో' అను అన్నారు. లిఖిత ఇంటికొచ్చి తలనూనెకి నో అంది, గోంగూరకి నో అంది. రాజారావు నవ్వాడు. శ్యామసుందరికి ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళు నేను నేర్పిన మర్యాదంతా ఈ తెల్లావిడ రెండు నెలల్లో బూడిదపాలు చేసింది అని సణుక్కుంది.

డిసెంబరులో గోపాలరావు ఇంట్లో బార్బీ, అదే నిప్పులమీద కాల్చుకు తినే విందు, పెట్టారు. రాజారావు బ్యాంకు కంప్యూటర్ల పరీక్షలు ముగించే హడావుడిలో ఉన్నాడు, రాలేదు. పదిహేను మంది హాల్లో పళ్ళాలు పట్టుకుని కూర్చున్నారు. "పాపా, రా ఇలా" అని గోపాలరావు పక్కన చోటు చూపించాడు. లిఖిత చెయ్యి అడ్డం పెట్టింది.

"నో."

అతను నవ్వి చెయ్యి పట్టి లాగాడు. "నో, అంకుల్" అంది మళ్ళీ, ఈసారి తల్లివైపు చూసి.

శ్యామసుందరికి తల కొట్టేసినట్టయింది. "తప్పు కదూ? అంకుల్‌తో అలా మాట్లాడతారా? సారీ చెప్పి కూర్చో!"

లిఖిత సారీ చెప్పింది. కూర్చుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. కూతురు అలా కళ్ళు మూసుకోవడం శ్యామసుందరి ఇంజెక్షన్లప్పుడు తప్ప ఎన్నడూ చూడలేదు. చేతిలో పళ్ళెం కింద పెట్టేసి, పిల్లని లేవదీసి, బయటికి తీసుకొచ్చింది. గోపాలరావు కారు తాళాలు తీసుకుని వెనకే వచ్చాడు. లిఖిత కారు ఎక్కనంది. ఇద్దరూ ఎండలో రైలు స్టేషన్‌కి నడిచారు. ప్లాట్‌ఫారం బెంచీ మీద పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. కారులో రోజూ ఏం జరిగేదో, ఎక్కడెక్కడ చేతులు వేసేవాడో, ముక్కలు ముక్కలుగా చెప్పింది. రెండు రైళ్ళు వెళ్ళిపోయాయి. శ్యామసుందరికి ఏడుపు రాలేదు, తన మీద తనకి అసహ్యం వేసింది.

సోమవారం హెదర్‌కి చెప్పింది. హెదర్ పోలీసులని పిలిచింది. తెలుగువాళ్ళ ఫోన్లన్నీ ఒకటే పాట: పిల్లకి తెలీదు, ఏదో ఊహించుకుంది, ఇంటి పరువు చూసుకోండి. గోపాలరావు కూడా పోలీసు స్టేషన్లో అదే చెప్పాడు. ఆ పిల్లకి తనంటే ప్రాణమని, ఒక్కసారి కూడా వద్దనలేదని. లిఖిత మాట ఒక్కటే అయితే కేసు నిలబడడం కష్టమని హెదర్ దాచకుండా చెప్పింది.

శ్యామసుందరి వాంగ్మూలం ఇవ్వడానికి లోపలికి వెళ్తుంటే రాజారావు వరండాలో ఆపాడు. "చూడు, ఆరోజు నువ్వు సారీ చెప్పించిన సంగతి మాత్రం ఎత్తకు. తప్పంతా నీ నెత్తినే వేస్తారు. మన వాళ్ళలో తలెత్తుకోలేం."

"ఆ సంగతి చెప్పకపోతే పిల్ల నో అన్నదని ఎలా తెలుస్తుందండీ?" అంది.

లోపల ఆఫీసరు అడిగాడు, లిఖిత అతన్ని వద్దనడం ఎవరైనా విన్నారా అని. శ్యామసుందరి వచ్చీరాని ఇంగ్లీషులో ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది.

"నేను విన్నాను. రెండుసార్లు అంది, నా మొహం చూసి కూడా అంది. నేనే తిట్టి, సారీ చెప్పించి, అతని పక్కన కూర్చోబెట్టాను. అది కూడా రాసుకోండి."

ఆఫీసరు రాసుకుని తలెత్తాడు. "ఇంకెవరైనా విన్నారా?"

"పదిహేను మందిమి విన్నాం" అంది శ్యామసుందరి.