ఆదివారం పేరుతో పెళ్లి

మా మేడమ్ ఈ వారం హాల్లో పెద్ద ఫ్రేమొకటి పెట్టించింది. అందులో ఆమె వంశమంతా కొమ్మలు కొమ్మలుగా ఉంది. పైన ఎవరో గొర్రెల కాపరి, అడుగున ఆమె మనవలు. అద్దం తుడవమని నాకే చెప్పింది. ఈ ఇంట్లో నేను తుడవనిది ఏదీ లేదు గనుక నాకు అభ్యంతరం లేదు. కానీ నడిమి కొమ్మ మీది ఒక జంట దగ్గరికి వచ్చేసరికి ఒళ్లు మండుతుంది. ఆ ఇద్దరూ నాకేం అపకారం చేయలేదు. మా ఆయన పోయిన రోజుల్లో ఈ ఇంట్లో వాళ్ల పెళ్లి ముచ్చటే నడిచింది, అంతే.

మేడమ్‌ది స్కాట్లాండు. దుబాయ్ దాటాక వచ్చే ఉమ్ అల్ క్వైన్‌లో, సముద్రపు ఉప్పుగాలికి తలుపు గొళ్లాలన్నీ తుప్పుపట్టే ఈ ఇంట్లో ఒక్కతే ఉంటుంది. కరోనా అందరినీ గదుల్లో కూర్చోబెట్టిన ఏడాది ఆమెకు పూర్వీకుల పిచ్చి పట్టుకుంది. పొద్దున లేస్తే టీ, రొట్టె ముక్క, కంప్యూటరు. ఒక ముత్తవ్వ పుట్టుక దొరికింది, చావు దొరికింది, పిల్లలందరి బాప్తిస్మాలూ దొరికాయి. పెళ్లి మాత్రం ఏ చర్చి పుస్తకంలోనూ లేదు. పెళ్లి కాకుండానే అంతమందిని కన్నదేమో అని మేడమ్ నవ్వేది గానీ, లోపల ఆమెకు గుచ్చుకుంటూనే ఉండేది. చివరికి తేలిందేమిటంటే, ఆ కాలంలో వాళ్ల దేశంలో పెళ్లికి పాదిరే అక్కర్లేదట. ఇద్దరు సాక్షుల ముందు మేం మొగుడూ పెళ్లాలం అని చెప్పుకుంటే చట్టం ఒప్పుకునేదట. వాళ్లకు సాక్ష్యం చెప్పింది ఒక రొట్టెల కొట్టువాడు, ఒక పనిమనిషి. పనిమనిషి మాట చెల్లిన దేశం కూడా ఉందన్నమాట అనుకుని గిన్నెలు తోముకున్నాను.

మాది కోనసీమలో కాలవగట్టు పేట. మా పేటలో చాలామందికి ఆదివారం ఒక పేరు, తక్కిన వారానికి ఒక పేరు. చర్చిలో బాప్తిస్మం పేరు. బడిలో మాత్రం హిందూ పేరు, క్రైస్తవుడని రాస్తే కులం సర్టిఫికెట్ పోతుంది, దాంతోపాటు పిల్లాడి చదువూ పోతుంది. "దేవుడికెలాగూ తెలుసు, ఎమ్మార్వోకి తెలీకపోతే చాలు" అనేది మా అత్త. మా పెళ్లి చర్చిలో పేటంతా చూస్తుండగా జరిగింది. కోడికూర తన దాకా రాలేదని మా మేనమామ అలిగిన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. పాస్టరుగారు రాసిచ్చిన కాగితంలో ఇద్దరివీ ఆదివారం పేర్లే. తర్వాత ఆయన తక్కిన వారం పేరుతో దుబాయ్ వచ్చి, అల్ వర్సాన్ క్యాంపులో ఉంటూ పైపుల పని చేశాడు. వెనకే నేనూ వచ్చాను. నా పాస్‌పోర్టు ఏజెంటు హడావిడిలో పుట్టింటి పేరుతోనే చేయించాడు, పెళ్లయిన ఊసే అందులో లేదు. మాకది లోపంగా తోచలేదు. ఇక్కడ వారాంతం శుక్రవారం గనుక ఆరాధనా ఆ రోజే జరిగేది, సెలవు దొరికితే ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. వస్తూ ఆయన ఒక మాట అనేవాడు. "నన్ను మాత్రం కాల్చనివ్వకే. పైనుంచి పిలుపొచ్చినప్పుడు ఏం పట్టుకుని లేస్తాను?"

ఆయన ఆస్పత్రిలో కరోనాతో పోయాడు. ముఖం చూడనివ్వలేదు. ఆ సాయంత్రం ఆయన గదిలో ఉండే నిజామాబాద్ వైపు తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, కంపెనీ కాగితాలల్ల అన్న హిందూ అని ఉన్నదట. రేపు దహనం జేస్తరట. నువ్వు భార్యవని కాగజ్ పంపితే బొందవెట్టనిస్తరు. పన్నెండు గొట్టేదాంకనే జూస్తమన్నడు ముదీర్. జల్ది పంపు."

ఊళ్లో అత్త పెట్టె వెతికి పెళ్లి కాగితం ఫొటో తీయించి పంపింది. పొద్దున్నే దాన్నీ నా పాస్‌పోర్టు ఫొటోనూ కంపెనీకి పంపాను. ముదీర్, అంటే వాళ్ల మేనేజరు, ఫోన్ చేసి హిందీలో మాట్లాడాడు. గట్టిగా కూడా కాదు, అలసిపోయిన గొంతుతో. "ఈ కాగజ్‌లో ఉన్న ఆద్మీ వేరే, మా దగ్గర పనిచేసిన ఆద్మీ వేరే. ఇందులో ఉన్న ఔరత్ కూడా నువ్వు కాదు కదా." మా పేట మొత్తాన్ని ఫోన్లో పిలిపిస్తాను, అడగండి అన్నాను. ఊరు చెబితే కుదరదు, కాగజ్ చెప్పాలి అన్నాడు.

మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని, ఫొటో పెద్దది చేసి, పేర్లు రెండూ పోల్చి చూసి, "వెరీ ఇంట్రెస్టింగ్" అంది. నా జన్మలో ఎవరి మీదా అంత కోపం రాలేదు. తర్వాత ఆమెకే సిగ్గేసి, నా చెయ్యి పట్టుకుని కంపెనీకి ఫోన్ చేసింది. ఈమె అతని భార్య అని చాలాసేపు వాదించింది. కుటుంబం వాళ్లతో తప్ప మాట్లాడం అన్నారట. ఖలాస్.

దారులు తెరిచాక ఆ తమ్ముడు బూడిద డబ్బా పట్టుకుని వచ్చాడు. అది నా చేతికిచ్చేటప్పుడు నువ్వెవరని అడిగినవాడు లేడు, ఒక్క కాగితం చూపమన్నవాడు లేడు. వందేళ్లు పోనిస్తే ఎవరు ఎవరి భార్యో ఎవరో ఒకరు తీరిగ్గా కూర్చుని తేలుస్తారు. నాకు మాత్రం మధ్యాహ్నం పన్నెండు దాకానే గడువిచ్చారు.