పైపులో పెట్టిన వేలు

బిలోలి నుంచి నాందేడ్ వెళ్లే బస్సులో నా ఒడిలో జానెడు పైపు ముక్క ఉంది. మా బావమరిది బాయిలర్ నడిపే నూనె మిల్లుకు ఆవిరి పైపులు బేరమాడి కొనిచ్చింది నేనే. కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి కదా, ఇంత నిగనిగలాడే సరుకు చవకగా తెచ్చానని చూపించుకోవడానికే ఆ ముక్క వెంట పెట్టుకున్నాను.

పక్క సీటులోని పెద్దాయన చేతుల నిండా పాత కాలిన మచ్చలు. "దేనికి సేటు ఇది?" అన్నాడు.

"బాయిలర్‌కు కాకా. సీమ్‌లెస్, అతుకు లేని మాల్."

ఆయన చూపుడు వేలు పైపు లోపల పెట్టి, కళ్లు మూసుకుని మెల్లగా తిప్పాడు. ఒకచోట ఆగి, నా వేలు తీసుకుని అక్కడ ఆనించాడు. సన్నని గట్టులా అతుకు తగిలింది.

"రేకు చుట్టి అతికిండ్రు. పైన అరగదీసి రంగేసిండ్రు. నీళ్లకైతే నడుస్తది. బాయిలర్ ఆవిరికి ఆగది."

"ఇయ్యాలనే ఆవిరి ఇడుస్తరు కాకా."

"మరి నా మొకం ఏం చూస్తున్నవ్? ఫోన్ చెయ్యి."

మూడుసార్లు మోగినా బావమరిది ఎత్తలేదు. పెద్దాయన నా ఫోన్‌నే చూస్తూ తన మచ్చలు రుద్దుకుంటున్నాడు. నాలుగోసారి ఎత్తాడు.

"ఏంది బావా, వాల్వు కాడనే ఉన్న."

"ముట్టకు. పైపులు ఖరాబున్నయి. నేను మోసపోయిన."

ఆ చివరి మాట బస్సంతా విన్నది. ఆ మాట నేను అనడం అదే మొదలు. ఆ రోజు మిల్లులో ఆవిరి వదల్లేదు.

ఆయన పేరు అడగనేలేదు. ఇప్పుడు ఏ దుకాణానికి వెళ్లినా ముందు పైపులో వేలు పెట్టి కళ్లు మూసుకుంటాను. ధర ఆ తర్వాతే అడుగుతాను.