చెట్టెక్కిన రాజకుమారి

కథలో రాజకుమారి చెట్టెక్కిందని క్లాసంతా నవ్వుతున్నా వెనక బెంచీ పిల్ల నవ్వలేదు. "ఆడవాళ్ళు ఎక్కితే చెట్టు కాపు మానేస్తుంది కదా టీచర్?" అని అడిగింది.

"మానదు. అవన్నీ ఉత్త మాటలు," అన్నాను. వెంటనే ఆ పిల్ల చూపు కిటికీలోంచి మామిడి తోట మీదికి పోయింది. అది గమనించాను. అయినా కథ ఆపలేదు.

అప్పట్లో నూజివీడు దగ్గర ఒక పల్లెలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. పాత కథనే తిప్పి చెప్పాను. రాక్షసుడి ప్రాణమున్న చిలక మామిడి చిటారు కొమ్మన ఉంటుంది. రాజకుమారుడికి ఎత్తంటే భయం. రాజకుమారే కుచ్చిళ్ళు ఎగదోపి ఎక్కుతుంది.

మర్నాడు ఆ పిల్ల నిజంగానే ఆ తోటలో చెట్టెక్కింది. వాళ్ళమ్మ అదే తోటలో కోసిన కాయలు గంపలకెత్తి మోస్తుంది. తోట కౌలుదారు ఆమెను పనిలోంచి వెళ్ళగొట్టాడు. కోతలుండే నెలన్నర కూలే ఆ ఇంటికి పెద్ద ఆసరా.

సాయంత్రం నా కూతుర్ని వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్ల తల్లి కూడా అక్కడే నిలబడి ఉంది.

"రండి మేడంగారూ! మీ కథ మా చెట్టు దాకా వచ్చింది," అన్నాడు. "కాపు పోతే పోయేది నాకు. చెట్టెక్కకూడదని రేపు బడిలో మీ నోటితో చెప్పండి. మా మేస్త్రీ వచ్చి వింటాడు. చెబితేనే దీన్ని పనిలోకి రానిస్తా."

ఆ తల్లి నా కూతురి వంక చూసింది. "మీ పాపను ఎప్పుడన్నా ఎక్కించారా అండీ?"

మా పెరట్లో జామచెట్టు మొదటి కొమ్మ తను పట్టుకుంటేనే "దిగు, దిగు" అని అరిచేదాన్ని నేను.

పొద్దున్నే మేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాడు. బయట ఆ తల్లి ఖాళీ గంపతో కాచుకుని ఉంది. ముందు బెంచీలో నా కూతురు.

"తోట వాళ్ళనడక్కుండా ఎవరూ చెట్టెక్కకూడదు," అన్నాను.

"అదీ మాట!" అన్నాడు మేస్త్రీ. బయటికెళ్ళి, "నడువమ్మా, కోత మొదలైంది," అని ఆమెను తీసుకుపోయాడు.

మగపిల్లలు లేచారు. "మేం కూడానా టీచర్? మేం రోజూ ఎక్కుతాం కదండీ!"

"మీరు కూడా. ఆడపిల్లలకొక రూలు, మీకొకటి అని లేదు. అడిగితే, వాళ్ళు సరేనంటే, ఎవరైనా ఎక్కండి."