గడప దగ్గరి చెప్పులు

కొత్తపేట చర్చి వెనక రేకుల షెడ్డులో, బతుకు చెదిరిన మాబోటివాళ్ళం పగలంతా కూర్చుని పేము కుర్చీలు అల్లేవాళ్ళం. అందరం చెప్పులు బయటే విడిచేవాళ్ళం, ఒక్క తెనాలాయన తప్ప. అరవైతొమ్మిది తెలంగాణ గొడవల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన హోటలు తగలబడినప్పుడు ఉత్తకాళ్ళతో నిప్పుల మీద పరుగెత్తాడు. అప్పట్నుంచి నిద్రలో కూడా చెప్పులు విడవడు. వాటికి వేర్లు దిగాయనీ, పొద్దున్నే నీళ్ళు పోస్తాడనీ నేను ప్రచారం చేశాను.

షెడ్డు నడిపే అక్క రోజూ బతిమాలేది. "జర చెప్పులిడువు అన్నా. ఈడ నిన్నెవ్వరు తరమరు."

"రేపు చూద్దాంలేమ్మా," అనేవాడు.

ఒకరోజు నిజంగానే విడిచాడు. అక్క సంబరంగా చాయ్ పోసింది. ఆయన గ్లాసు అందుకోబోతుండగా రోడ్డు మీద ఎవరిదో పెళ్ళి బారాత్‌లో పటాకులు పేలాయి. ఉత్తకాళ్ళతోనే ఉరికాడు. ఎంత వెతికినా దొరకలేదు.

వానలొచ్చినా చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. అక్క రోజూ వాటిని తుడిచేది. అది చూడలేక ఒకనాడు ఇంకో కోత కోశాను.

"తెనాలిల ఉన్నడక్కా! నా కండ్లతోని చూసిన. మళ్ల హోటల్ పెట్టిండు. ఇడ్లీలు బండిచక్రాలంత!"

షెడ్డంతా నవ్వింది, నమ్మింది కూడా.

అక్క చెప్పులు తుడుస్తూనే అడిగింది.

"కాళ్లకేమేసుకున్నడు?"